‘పొయిచి’ని వెతుక్కుంటూ... హిరోషిమా నుంచి నాగసాకి దాకా

హిరోషిమా అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. స్కూల్లో సోషల్ పుస్తకంలో చదివిన బాంబు. 1945 ఆగస్టు 6, ఉదయం 8.15. ఆ వెంటనే నాగసాకి. ఆగస్టు 9, ఉదయం 11.02. మన నోట ఈ రెండు ఊళ్ల పేర్లూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. అక్కడితో ఆగిపోతాయి కూడా. ఆ తర్వాత ఆ ఊళ్లలో జనం ఏం తిన్నారు, ఏం ఆడారు, ఎవరిని నెత్తిన పెట్టుకున్నారు అనేది మన పుస్తకాల్లో లేదు.

జపాన్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లని అడిగితే మాత్రం ఈ రెండు ఊళ్లనీ కలిపే ఇంకో పేరు చెబుతారు. హజీమె మొరియాసు. పెరిగింది నాగసాకిలో. ఆటగాడిగా, కోచ్‌గా ఎదిగింది హిరోషిమాలో. 2018 నుంచి జపాన్ జాతీయ జట్టు మేనేజర్.

మా పిన్ని కొడుకు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 నవంబర్‌లో నేను వెళ్లేసరికి క్యోటో గుళ్లు, ఫుజి కొండ, నారా జింకలు అంటూ లిస్ట్ రెడీగా పెట్టుకున్నాడు. నేను హిరోషిమా, నాగసాకి అన్నా. సరే అన్నాడు. మొరియాసు ఊళ్లు చూడాలి అన్నా. అప్పుడు నవ్వాడు.

“అన్నా, మెస్సీ కోసమో రొనాల్డో కోసమో అంటే అర్థముంది. కోచ్ కోసం టూరా?”

అడగాల్సిన ప్రశ్నే. సిక్స్‌ప్యాక్ లేదు, పంచ్ డైలాగులు లేవు, స్టైల్ లేదు. మ్యాచ్ నడుస్తుంటే గీతల పక్కన నిలబడి చిన్న నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ ఉంటాడు. ఓడినా గెలిచినా ప్రేక్షకుల వైపు తిరిగి నడుం వంచి దండం పెడతాడు. అంతే. ఇలాంటి మనిషికి ఇంత అభిమానం ఎలా వచ్చింది? అది తెలుసుకోవాలనే నా సరదా.

పేరులోనే తికమక

ఒసాకా నుంచి హిరోషిమాకి బుల్లెట్ ట్రైన్‌లో గంటన్నర. దారిలో తమ్ముడు ఫోన్‌లో మొరియాసు పేరు జపాన్ లిపిలో చూపించాడు. మూడే అక్షరాలు. మొదటి రెండూ ఇంటిపేరు ‘మొరియాసు’, చివరిది అసలు పేరు ‘హజీమె’. కానీ అలవాటు లేనివాళ్లు మొదటి అక్షరం దగ్గరే ఇంటిపేరు అయిపోయిందనుకుంటారట. ఎందుకంటే జపాన్‌లో ‘మొరి’ మామూలుగా వినిపించే ఇంటిపేరు. మిగిలిన రెండక్షరాలు కలిపి చదివితే ‘హొయిచి’ అవుతుంది. అదే ముద్దుగా ‘పొయిచి’ అయింది.

మనకు ఇది కొత్తేం కాదు. ఇంటిపేరు ఎక్కడ ఆగిందో, అసలు పేరు ఎక్కడ మొదలైందో తెలియక పాస్‌పోర్ట్ ఆఫీసులో తెలుగువాళ్లు పడే పాట్లు ఎన్నో. మొరియాసుకి మాత్రం ఆ తికమకే ముద్దుపేరు తెచ్చిపెట్టింది. 1992లో అతన్ని తొలిసారి జాతీయ జట్టులోకి తీసుకున్నప్పుడు పేరు ఎలా పలకాలో కూడా చాలామందికి తెలియదు. అంత అనామకుడు.

అతన్ని ఎంచుకున్నది హన్స్ ఊఫ్ట్ అనే డచ్ కోచ్. జపాన్ జట్టు పగ్గాలు చేపట్టిన తొలి విదేశీ ప్రొఫెషనల్ కోచ్ ఆయన. అంతకు ముందు హిరోషిమాలో మాజ్దా కార్ల కంపెనీ జట్టుకు పనిచేశాడు. అప్పటికి జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ లేదు. అన్నీ కంపెనీ జట్లే. మన దగ్గర ఒకప్పుడు రైల్వేస్, పోలీస్, బ్యాంకు టీమ్‌లు ఉండేవి కదా, అలాగన్నమాట. 1987లో హైస్కూల్ అవగానే నాగసాకి నుంచి వచ్చి మాజ్దాలో చేరాడు మొరియాసు. గోల్స్ కొట్టే రకం కాదు. మైదానం మధ్యలో నిలబడి, ఎదుటివాళ్ల బంతిని లాక్కుని, పక్కవాడికి అందించే పని. టీవీలో హైలైట్స్ చూస్తే కనిపించడు. మ్యాచ్ మొత్తం చూస్తే అతను లేకపోతే ఏమయ్యేదో తెలుస్తుంది.

మూడు బాణాల ఊరు

హిరోషిమాలో దిగి ట్రామ్ ఎక్కాం. ఇక్కడి ట్రామ్‌లకూ ఓ చరిత్ర ఉంది. బాంబు పడిన మూడో రోజుకే కొంత దూరం మళ్లీ నడిపారు. ఆనాటి బోగీలు ఒకటి రెండు ఇప్పటికీ పట్టాల మీద తిరుగుతున్నాయి. మేం ఎక్కింది మాత్రం కొత్తదే, ఏసీ బండి.

డోమ్ దగ్గర దిగాం. బాంబు దాడిలో పైకప్పు ఎగిరిపోయి, ఇనుప చట్రం మాత్రం మిగిలిన ఆ భవనాన్ని ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా, ఎదురుగా నిలబడితే మాట రాదు. రోడ్డుకి అవతల ఖాళీ స్థలం, పచ్చిక, చిన్న చిన్న షాపులు. ఒకప్పుడు అక్కడ బేస్‌బాల్ స్టేడియం ఉండేది. హిరోషిమాకి మొదటి ప్రేమ బేస్‌బాలే. ‘కార్ప్’ అనే జట్టంటే ఊరికి ప్రాణం. ఎర్ర టోపీలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అలాంటి ఊళ్లో ఫుట్‌బాల్‌కి చోటు దొరకడం తేలిక కాదు.

1993లో జపాన్‌లో జె లీగ్ మొదలైంది. క్లబ్బుల పేర్లలో కంపెనీ పేరు ఉండకూడదు, ఊరి పేరే ఉండాలి అన్నారు. అలా మాజ్దా జట్టు ‘సాన్‌ఫ్రెచె హిరోషిమా’ అయింది. జపాన్ భాషలో ‘సాన్’ అంటే మూడు. ఇటాలియన్‌లో ‘ఫ్రెచె’ అంటే బాణాలు. ఈ ప్రాంతాన్ని ఏలిన మొరి మొతొనారి అనే ప్రభువు ముగ్గురు కొడుకుల్ని పిలిచి, ఒక బాణాన్ని విరవమంటే ఇట్టే విరిచారట. మూడు కలిపి విరవమంటే ఎవరి వల్లా కాలేదట. మనం చిన్నప్పుడు విన్న కట్టెలమోపు కథే!

డోమ్ నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే కోట పక్కనే కొత్త స్టేడియం. పేరు ఎడియన్ పీస్ వింగ్. 2024 ఫిబ్రవరిలో తెరిచారు. దాదాపు 28,500 మంది పడతారు. రెక్కలు విప్పినట్టుండే తెల్లటి కప్పు. మేం వెళ్లింది మ్యాచ్ లేని రోజు. అయినా చుట్టూ ఉన్న పార్కులో సందడే సందడి. పచ్చిక మీద పిల్లలు బంతి తన్నుకుంటున్నారు. ఒక తాత ఊదారంగు స్కార్ఫ్ మెడకు చుట్టుకుని బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. ఊదా ఇక్కడి జట్టు రంగు.

ఈ స్టేడియం ఊరికే రాలేదు. అంతకు ముందు సాన్‌ఫ్రెచె ఆడిన మైదానం ఊరికి దూరంగా కొండల వైపు ఉండేది. 1994 ఆసియా క్రీడల కోసం కట్టింది. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండటంతో ఆట ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టుండేది. ఊరి మధ్యలో స్టేడియం కావాలని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు, సంతకాలు సేకరించారు. ఆ అడగడానికి బలం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మళ్లీ మొరియాసు దగ్గరికే రావాలి.

2012లో అతను సాన్‌ఫ్రెచె మేనేజర్ అయ్యాడు. ఒక పెద్ద జట్టుకు హెడ్ కోచ్‌గా అదే మొదటిసారి. క్లబ్బు దగ్గర స్టార్లను కొనే డబ్బు లేదు. ఆ ఏడాదే లీగ్ కొట్టాడు. హిరోషిమాకి అది తొలి జె లీగ్ టైటిల్. 2013లో మళ్లీ. 2015లో ఇంకోసారి. నాలుగేళ్లలో మూడు. అంతలా గెలిపించిన మనిషి, 2017లో జట్టు పట్టికలో అడుగుకి పడిపోతే సీజన్ మధ్యలోనే బాధ్యత తీసుకుని తప్పుకున్నాడు.

అట్టు పెనం దగ్గర ముచ్చట్లు

ఆకలేసి ఒకొనొమియాకి దుకాణానికి వెళ్లాం. ఎలా చెప్పాలి... పెద్ద ఇనప పెనం మీద పల్చటి అట్టు పోస్తారు. దాని మీద కుప్పలుగా క్యాబేజీ తురుము, పైన మాంసం, పక్కన వేగుతున్న నూడుల్స్, అన్నిటి మీదా గుడ్డు. ఒసాకాలో అయితే అన్నీ పిండిలో కలిపేస్తారు. హిరోషిమాలో పొరలు పొరలుగా పేరుస్తారు. ఈ రెండిట్లో ఏది అసలైనదన్న గొడవ బిర్యానీ గొడవ కంటే పెద్దది. ఒసాకాలో పనిచేస్తున్న మా తమ్ముడు అక్కడ నోరు మూసుకుని తిన్నాడు.

పెనం వెనక ఉన్న ఆవిడకు అరవై దాటి ఉంటాయి. గోడ మీద కార్ప్ పోస్టర్, దాని పక్కనే ఊదారంగు జెండా. తమ్ముడు జపనీస్‌లో మొరియాసు పేరెత్తాడు. ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

“పొయిచి సానా!” అంది. మొహం వెలిగిపోయింది.

ఆవిడ చెప్పిన దాంట్లో మ్యాచ్‌లు, గోల్స్ ఏమీ లేవు. రోడ్డు మీద కనిపిస్తే ఆగి పలకరించేవాడట. గెలిచినప్పుడూ అంతే, ఓడినప్పుడూ అంతే. “వాళ్లావిడతో మార్కెట్‌కి వచ్చే మనిషిలా ఉంటాడు” అందట. తమ్ముడు అనువాదం చేసి, “అన్నా, ఇదేదో మన పక్కింటాయన గురించి చెప్పినట్టుంది” అన్నాడు.

కోపం రాలేదా, 2017లో జట్టు పడిపోయినప్పుడు? అని అడిగించా. ఆవిడ కాసేపు అట్టు అంచులు సర్దుతూ ఉండిపోయింది. “వచ్చింది. మా ఆయన టీవీ కట్టేసేవాడు. వెళ్లిపోయాడని తెలిశాక మళ్లీ ఆయనే ఏడ్చాడు” అంది.

ఆ ఒక్క జవాబుతో నాకు సగం విషయం అర్థమైంది. ఇది స్టార్ మీద పిచ్చి కాదు. ఇంట్లో మనిషి మీద ఉండే కోపం, ప్రేమ.

దోహా... ఒకటి కాదు, రెండు

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. జపాన్‌లో నలభై దాటిన ఎవరినైనా ‘దోహా’ అని చూడండి. నిట్టూరుస్తారు.

1993 అక్టోబర్ 28. ఖతార్ రాజధాని దోహాలో ఇరాక్‌తో మ్యాచ్. గెలిస్తే జపాన్ తొలిసారి ప్రపంచకప్‌కి వెళ్తుంది. ఆసియాకి అప్పట్లో ఉన్నవి రెండే బెర్తులు. 90 నిమిషాలు అయిపోయాయి, జపాన్ 2-1తో ముందుంది. ఇంకొన్ని సెకన్లు. ఇరాక్‌కి కార్నర్ దొరికింది. నేరుగా గోల్ ముందుకి కొట్టకుండా పక్కవాడికి ఇచ్చి, అక్కణ్నుంచి క్రాస్ వేశారు. తలతో ఒక్క దెబ్బ. 2-2. జపాన్ ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడిపోయారు. ఆ బెర్తు దక్షిణ కొరియాకి పోయింది. జపాన్‌లో దీన్ని ‘దోహా విషాదం’ అంటారు.

ఆ రోజు మైదానంలో 17వ నంబర్ చొక్కా వేసుకున్న కుర్రాడు మొరియాసు. వయసు 25. ఆ తర్వాత ఆటగాడిగా అతనికి ప్రపంచకప్ ఎప్పటికీ దొరకలేదు.

29 ఏళ్లు గడిచాయి. 2022 ప్రపంచకప్. మళ్లీ ఖతారే. ఈసారి అతను గీతకి ఇవతల, సూటు వేసుకుని, నోట్‌బుక్ పట్టుకుని ఉన్నాడు. మొదటి మ్యాచ్ జర్మనీతో. సగం ఆట ముగిసేసరికి 0-1. ఆట చూస్తే ఇంకా ఎక్కువే పడాల్సింది. విరామంలో డిఫెన్స్‌లో ముగ్గురిని పెట్టేలా ఆట తీరు మార్చేశాడు. ఒకరి తర్వాత ఒకరు దాడి చేసే ఆటగాళ్లని దింపుతూ పోయాడు. దింపినవాళ్లలో రిత్సు దోవాన్ 75వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. 83వ నిమిషంలో తకుమా అసానో గెలుపు గోల్ కొట్టాడు. ఈ అసానో ఎవరనుకున్నారు? హిరోషిమాలో మొరియాసు చేతి కింద పెరిగిన కుర్రాడే.

ఆ రాత్రి నెట్‌లో ‘డెత్ నోట్’ మీమ్స్ వరదలా వచ్చాయి. అనిమే చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నోట్‌బుక్‌లో మొరియాసు జర్మనీ పేరు రాశాడని.

తర్వాత కోస్టారికా చేతిలో 0-1తో ఓడారు. మళ్లీ తిట్లు. ఆ తర్వాత స్పెయిన్‌పై 2-1 గెలుపు. మితోమా అందించిన ఆ బంతి గీత దాటిందా లేదా అన్న ఫొటో మీరూ చూసే ఉంటారు. మిల్లీమీటర్ల లెక్క. ఆ మ్యాచ్ చివరి నిమిషాల్లో తనకి 1993 దోహా గుర్తొచ్చిందని, కానీ ఈసారి కుర్రాళ్లు భయపడి వెనక్కి తగ్గకుండా ముందుకెళ్లి బంతి లాక్కుంటుంటే కాలం మారిందనిపించిందని మొరియాసు తర్వాత చెప్పాడు.

ప్రీ క్వార్టర్స్‌లో క్రొయేషియా. 1-1. పెనాల్టీల్లో ఓటమి. అంతా అయ్యాక అతనొక్కడే స్టాండ్స్ ముందుకెళ్లి చాలాసేపు వంగి నిలబడ్డాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. జపాన్ ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌ని అద్దంలా తుడిచి, అరబిక్‌లో, జపనీస్‌లో థ్యాంక్స్ రాసిన కాగితం, కాగితపు కొంగలు వదిలి వెళ్లడం మనమందరం షేర్ చేశాం.

ఆ కొంగల సంగతి నాకు హిరోషిమా వచ్చాకే సరిగ్గా తెలిసింది. పీస్ పార్కులో సడాకో ససాకి జ్ఞాపకంగా కట్టిన స్తూపం ఉంది. బాంబు పడినప్పుడు ఆ పాపకి రెండేళ్లు. 12 ఏళ్లకి లుకేమియాతో చనిపోయింది. ఆస్పత్రిలో బతకాలన్న ఆశతో కాగితపు కొంగలు మడుస్తూ ఉండేది. ఇప్పటికీ దేశం నలుమూలల నుంచి పిల్లలు లక్షల కొంగలు మడిచి తెచ్చి అక్కడ వేలాడదీస్తారు. మేం వెళ్లినప్పుడు ఒక స్కూల్ బ్యాచ్ వరసగా నిలబడి తమ దండ తగిలించింది. ఖతార్‌లో వదిలి వచ్చింది బొమ్మలు కాదని అప్పుడు తెలిసింది.

తిట్టిన నోళ్లే...

మొరియాసుని అందరూ ఎప్పుడూ నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. 2021 సెప్టెంబర్‌లో ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో సొంత గడ్డ మీద ఒమన్ చేతిలో ఓడారు. అక్టోబర్‌లో సౌదీ అరేబియా చేతిలో. ‘మొరియాసుని తీసేయండి’ అంటూ ట్రెండింగ్. ఆ వెంటనే ఆస్ట్రేలియాతో మ్యాచ్. ఓడితే ఉద్యోగం పోయేలా ఉంది. జాతీయ గీతం వస్తుంటే అతని కళ్లలో నీళ్లు. ఆ మ్యాచ్ 2-1తో గెలిచారు.

నెట్‌లో మనకూ ఇది అలవాటే. క్యాచ్ వదిలేసినవాణ్ని రాత్రికి రాత్రే విలన్ చేస్తాం, మర్నాడు సెంచరీ కొడితే దేవుణ్ని చేస్తాం. కానీ జపాన్ ఫుట్‌బాల్ సంఘం ఒక పని చేసింది. తిట్లు వచ్చినప్పుడు తీసేయలేదు. 2022 కప్ అయ్యాక మళ్లీ నాలుగేళ్లకి అతనికే అప్పగించింది. ప్రపంచకప్ తర్వాత కూడా కొనసాగిన మొదటి జపాన్ మేనేజర్ అతనే. 2024 ఆసియా కప్‌లో క్వార్టర్స్‌లోనే ఇరాన్ చేతిలో ఓడినప్పుడు మళ్లీ గోల మొదలైంది. అప్పుడూ ఉంచారు.

ఫలితం? 2025 మార్చి 20న బహ్రెయిన్‌ని 2-0తో ఓడించి, ఆతిథ్య దేశాల్ని పక్కన పెడితే 2026 ప్రపంచకప్‌కి అర్హత సాధించిన మొదటి దేశమైంది జపాన్. వరసగా ఎనిమిదో కప్. 2025 అక్టోబర్ 14న టోక్యోలో బ్రెజిల్‌తో 0-2తో వెనకబడి, 3-2తో గెలిచింది. బ్రెజిల్‌పై జపాన్‌కి అదే తొలి గెలుపు. ఇప్పుడు మొరియాసు కప్ గెలవడమే లక్ష్యం అంటుంటే ఎవరూ నవ్వట్లేదు.

ఇది చెబుతుంటే మా తమ్ముడు, “మరి మనమెందుకు ఇక్కడున్నాం అన్నా?” అన్నాడు.

హైదరాబాదీలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియా జపాన్‌ని 2-0తో ఓడించింది. స్వర్ణం కూడా మనదే. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా టీచర్. జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన కట్టింది ఆయనతోనే ఆగిపోయింది. జపాన్ మాత్రం స్కూళ్లు, కంపెనీ జట్లు, లీగ్, ఊరూరా క్లబ్బులు అంటూ మెట్టు మెట్టుగా కట్టుకుంటూ వచ్చింది. ఒక మనిషి ఓడితే ఇంకోసారి నిలబడటానికి చోటుండేలా కట్టింది. 1993లో కూలబడిన కుర్రాడు 2022లో అదే దేశంలో జట్టుని నడిపించగలిగింది అందుకే. కూలబడినవాణ్ని కోచింగ్ నేర్చుకోమని కింది మెట్టు మీద కూర్చోబెట్టారు. ఏళ్ల పాటు కుర్రాళ్లకి శిక్షణ, తర్వాత అసిస్టెంట్, ఆ తర్వాతే మేనేజర్.

నాగసాకి గాలి

మర్నాడు ఉదయం హిరోషిమా నుంచి హకాతా. అక్కణ్నుంచి ఇంకో రైలు, తకెఒ ఒన్సెన్‌లో ఎదురు ప్లాట్‌ఫామ్ మీద ఆగి ఉన్న చిన్న బుల్లెట్ ట్రైన్. నాగసాకి చేరేసరికి మధ్యాహ్నం. ఊరు మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. ఇళ్లన్నీ మెట్లు మెట్లుగా కొండ ఎక్కుతుంటాయి. విశాఖ గుర్తొచ్చింది. షిప్‌యార్డ్ క్రేన్లు చూశాక ఇంకా గుర్తొచ్చింది.

మొరియాసు పుట్టింది షిజువొకా జిల్లాలో అయినా పెరిగింది ఇక్కడే. చదివింది నాగసాకి నిహొన్ యూనివర్సిటీ హైస్కూల్లో. అప్పట్లో ఈ జిల్లాలో ఫుట్‌బాల్ అంటే వేరే స్కూళ్ల పేర్లు వినిపించేవి. ఇతని స్కూల్ పేరు ఎవరికీ పట్టేది కాదు.

ఇక్కడా కొత్త స్టేడియం వచ్చింది. 2024 అక్టోబర్‌లో తెరిచారు. దీని పేరులోనూ ‘పీస్’ ఉంది. పీస్ స్టేడియం. టీవీలో వస్తువులు అమ్మే జపానెట్ అనే స్థానిక కంపెనీ సొంత డబ్బుతో కట్టింది. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఒకప్పుడు మిత్సుబిషి ఫ్యాక్టరీ ఉన్న స్థలం. పక్కనే హోటల్, షాపులు. మైదానం మీదుగా జారుకుంటూ పోయే జిప్‌లైన్ కూడా ఉంది! తమ్ముడు ఎక్కాడు. నేను కింద ఉండి వీడియో తీశా. అరుపులు తెలుగులోనే.

అక్కణ్నుంచి ట్రామ్‌లో బాంబు పడిన చోటికి వెళ్లాం. నల్లటి రాతి స్తంభం ఒకటి. దానికి సరిగ్గా పైన, గాల్లో బాంబు పేలింది. చుట్టూ చెట్లు. ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జాగింగ్ చేస్తూ వచ్చి, స్తంభం ముందు ఒక్క క్షణం ఆగి తల వంచి, మళ్లీ పరుగు అందుకుంది. కొంచెం దూరంలో పెద్ద శాంతి విగ్రహం, కుడి చెయ్యి ఆకాశం వైపు, ఎడమ చెయ్యి పక్కకి చాపి.

ఈ రెండు ఊళ్లలో బతికినవాడిగా శాంతి గురించి మాట్లాడటం తన బాధ్యత అనుకుంటానని మొరియాసు ఇంటర్వ్యూల్లో చెబుతుంటాడు. ఫుట్‌బాల్ ఆడగలుగుతున్నామంటేనే శాంతి ఉన్నట్టు అన్న అర్థంలో. మామూలుగా చదివితే ఇది స్టేజీ మీద చెప్పే మాటలా ఉంటుంది. ఆ స్తంభం దగ్గర, ఆ జాగింగ్ అమ్మాయిని చూశాక అలా అనిపించలేదు. శనివారం సాయంత్రం జట్టు చొక్కా వేసుకుని మ్యాచ్‌కి వెళ్లడం, ఓడితే టీవీ కట్టేయడం, కోచ్‌ని తిట్టడం... ఇవన్నీ ఆ రెండు ఊళ్లకీ ఊరికే రాలేదు.

సాయంత్రం చాంపొన్ తిన్నాం. పాల రంగు పులుసులో లావుపాటి నూడుల్స్, పైన కూరగాయలు, రొయ్యలు. చైనా వంటని నాగసాకి తనదిగా చేసుకున్న రుచి. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఫోన్‌లో బ్రెజిల్ మ్యాచ్ గోల్స్ మళ్లీ చూసుకుంటున్నారు. తమ్ముడు మాట కలిపాడు. మేం ఎందుకొచ్చామో చెప్పాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొరియాసు కోసం ఇండియా నుంచి ఎవరైనా వస్తారని వాళ్లు అనుకోలేదేమో.

ఒకడు తమ్ముడితో ఏదో అన్నాడు. తమ్ముడు నా వైపు తిరిగాడు. “వచ్చే ఏడాది కప్ గెలవకపోతే మళ్లీ అందరం తిడతాం. కానీ ఇక్కడికి ఎప్పుడొచ్చినా ఈ చాంపొన్ మాత్రం ఫ్రీ అంటున్నాడు.”

కుర్రాళ్లు మళ్లీ ఫోన్‌లోకి తల దూర్చారు. మూడో గోల్ వచ్చినట్టుంది, షాపులో అందరూ అటు చూశారు.